గోతాం సంచుల సైకిలు

ఆ రోజుల్లో నా కుడి భుజం మీద ఎవరైనా చెయ్యి వేస్తే చాలు, అరిచేదాన్ని.

డెబ్బైల మొదట్లో సంగతి. పామర్రుకి అవతల ఒక ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. ఆసుపత్రంటే రెండు గదులు, ఒక వరండా. ఒక డాక్టరు గారు, ఒక కాంపౌండరు గారు, ఇద్దరు నర్సులం. మేమిద్దరం కుర్చీలో కూర్చునే నర్సులం కాదు, ఊళ్ళు తిరిగే నర్సులం. నాకు ఆరు ఊళ్ళు, రెండో ఆవిడకి ఆరు. గర్భిణుల్ని చూడాలి, పిల్లలకి టీకాలు వెయ్యాలి, బాలింతల ఇళ్ళకి వెళ్ళి పసిగుడ్ల బొడ్డు శుభ్రం చెయ్యాలి, అన్నీ రిజిస్టర్లో రాయాలి. తిరగడానికి సైకిళ్ళు.

సైకిలు తొక్కడం నాకు కష్టం కాదు. చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో మా నాన్న బడిపంతులు. ఆయన సైకిలు మీదే తొమ్మిదో ఏట నేర్చుకున్నాను. కష్టమంతా సంచీతో. తోలు సంచీలో గాజు సిరంజీల పెట్టె, వాటిని మరగబెట్టే గిన్నె, చిన్న స్పిరిట్ స్టవ్వు, స్పిరిట్ సీసా, కత్తెర, దూది, మాత్రల డబ్బాలు, బిడ్డల్ని తూచే త్రాసు, రెండు లావుపాటి రిజిస్టర్లు. టీకాల రోజైతే ఐసు ముక్కలు పోసిన ఫ్లాస్కు అదనం.

కారియరుకి కట్టుకోవచ్చుగా అంటారు. మొదటి వారమే కట్టాను. కాలవగట్టు మీద ఎడ్లబళ్ళు చేసిన చాళ్ళలో సైకిలు ఎగిరెగిరి పడింది. ఊరు చేరి సంచీ విప్పితే రెండు సిరంజీలు ముక్కలు, రిజిస్టరు నిండా స్పిరిట్. హ్యాండిలుకి తగిలించి చూశాను. సంచీ ఊగి చక్రాన్ని ఒక పక్కకి లాగేది. ఒకసారి సైకిలుతో సహా వరిచేలోకి దిగాను. ఇక మిగిలింది భుజం. మనిషి ఒళ్ళు కుదుపుని మింగుతుంది, గాజు బతుకుతుంది. అలా రెండేళ్ళు మోశాను. సంచీ పట్టీ ఒరుసుకుని భుజం మీద చర్మం నల్లగా కాయకట్టింది. వానాకాలం నల్లరేగడి చక్రాలకి పట్టుకుంటే సైకిల్ని కూడా తొయ్యాల్సి వచ్చేది. సాయంత్రం ఇంటికొచ్చి ఉప్పు వేడి చేసి, గుడ్డలో మూటకట్టి, ఎడమ చేత్తో నా కుడి భుజానికి నేనే కాపడం పెట్టుకునేదాన్ని.

అప్పుడు వచ్చిందావిడ. పాతావిడ బదిలీ అయిపోతే ఆ చోటులోకి. నాకంటే మూడేళ్ళు చిన్న. ట్రైనింగులో నాది ఫస్టు క్లాసు. ఆవిడ రెండోసారి రాసి పాసయింది. ఈ మాట ఇక్కడ ఎందుకంటే, అప్పట్లో రోజుకోసారైనా నాకు నేను చెప్పుకునేదాన్ని కాబట్టి.

నెల తిరక్కుండానే ఒక సోమవారం ఆవిడ సైకిలు వేషం మార్చుకొచ్చింది. కారియరుకి రెండు పక్కలా రెండు గోతాం సంచులు, గాడిద మీద చాకలిమూటల్లా. మధ్యలో ఒక వెదురుబుట్ట. బుట్ట కారియరు మీద కూర్చోలేదు. పాత ట్యూబుని రిబ్బన్లలా కోసి, కారియరుకీ సీటు కింది ఊచకీ అల్లి, ఆ అల్లిక మధ్యలో వేలాడదీసి ఉంది. గాజుసామానంతా బుట్టలో. డబ్బాలు, రిజిస్టర్లు గోతాం సంచుల్లో. ఆవిడ భుజాల మీద పైట తప్ప ఏమీ లేదు.

"ఇదేంటమ్మా, ఎరువు బస్తాలు వేసుకొచ్చావా?" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "మా ఆయన కట్టాడక్కా. భుజం పీకేస్తోందన్నానని."

నేనూ నవ్వాను. కాంపౌండరు గారు వరండా దిగి వచ్చి, బుట్టని వేలితో నొక్కి చూసి, "భలే, ఊయల్లా ఉందే!" అన్నారు. నాకు లోపల ఎక్కడో చిన్న నిప్పురవ్వ పడ్డట్టయింది. బుట్ట మీద కాదు. ఆ "మా ఆయన" మీద.

మా ఆయన విజయవాడలో, పటమటలో ఒక లారీ ఆఫీసులో గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సులో వచ్చి సోమవారం తెల్లారే వెళ్ళేవాడు. మంచివాడే. చెయ్యెత్తింది లేదు, మాట తూలింది లేదు. ఆ వారం నేను అన్నం వడ్డిస్తూ చెప్పాను, "ఆవిడకి వాళ్ళాయన సైకిలుకి బుట్ట కట్టాడండీ. సామాను కదలదు, భుజం మీద బరువుండదు" అని.

"అవునా?" అన్నాడు. కాసేపు ఆగి, "చేపల పులుసులో మామిడికాయ వేశావా?" అన్నాడు.

మర్నాడు చర్చిలో పాస్టరు గారు పొరుగువాళ్ళది ఆశించడం గురించి చెబుతుంటే అందరూ ఏమేమి తలుచుకున్నారో తెలీదు. నాకు మాత్రం రెండు గోతాం సంచులు కనిపించాయి.

అంతటితో ఆగినా బాగుండేది. ఊళ్ళల్లో మాటలు మొదలయ్యాయి. నా ఊళ్ళలో ఒకదానికీ ఆవిడ ఊళ్ళలో ఒకదానికీ మధ్య ఒక కాలవే అడ్డం. ఒకరోజు నేను టీకాలు వేస్తుంటే వరసలో ముగ్గురే తల్లులు నిలబడ్డారు. ఇరవై మంది ఉండాలి. అరుగు మీద కూర్చున్న ముసలమ్మని అడిగాను.

"బేస్తవారం కాలవ దాటి వెళతారమ్మా," అందావిడ, దాచకుండా. "ఆ నర్సమ్మది మెత్తని చెయ్యంట. సూది గుచ్చినట్టే ఉండదంట. ఏమనుకోకమ్మా, నీది కాస్త మొరటు."

నాది మొరటు చెయ్యి కాదు. ట్రైనింగులో మా సిస్టరు గారు కొత్త పిల్లలకి చూపించడానికి నా చేతే ఇంజెక్షను చేయించేవారు. కానీ నాలుగు మైళ్ళు ఆ సంచీ మోసి దిగాక నా కుడి చెయ్యి వణికేది. వణుకు తెలియకుండా గట్టిగా పట్టుకునేదాన్ని, గట్టిగా గుచ్చేదాన్ని. ఆవిడ దిగిన వెంటనే చంకలోకి బిడ్డనెత్తుకుని, ఆడిస్తూ, రెండో చేత్తో సూది వేసేది. ఇద్దరికీ తేడా చెయ్యి కాదు, బుట్ట. ఆ సంగతి ఆ ముసలమ్మకి ఎలా చెప్పను?

అప్పట్నుంచీ ఆవిడ ఏం చేసినా నాకు గుచ్చుకునేది. గట్టు మీద నిటారుగా కూర్చుని తొక్కుతూ వెళుతుంటే గుచ్చుకునేది. సోమవారం మీటింగులో డాక్టరు గారు ఆవిడ రిజిస్టరు తిప్పి "బాగుంది" అంటే గుచ్చుకునేది. మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ విప్పి "తీసుకో అక్కా, గోంగూర" అని నా పళ్ళెంలో వేస్తే అది కూడా గుచ్చుకునేది. తినేదాన్ని. రుచిగా ఉండేది. అందుకూ ఒళ్ళు మండేది.

అలాంటి బుట్టే నేనూ కట్టించుకోవచ్చని తోచకపోలేదు. తోచింది. కానీ అడగాలి. "ఎలా కట్టారో మీ ఆయన్ని అడిగి చెప్పు" అని ఆవిడ ముందు నోరు తెరవాలి. అది నా వల్ల కాలేదు. దొంగచాటుగా చూసి నేర్చుకుందామనుకున్నాను.

ఆవిడొచ్చి ఏడాది కావస్తుండగా, శ్రావణమాసంలో ఒక సోమవారం మీటింగు అయిపోయింది. ఆవిడ లోపల ఫ్లాస్కులోకి ఐసు వేయించుకుంటోంది. ఆవిడ సైకిలు వేపచెట్టు కింద, నా సైకిలు పక్కనే స్టాండు వేసి ఉంది. చుట్టూ ఎవరూ లేరు. నేను వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. రిబ్బన్లు ఎలా అల్లారో, ఎక్కడ ముడి పడిందో వేలితో తడుముతూ చూశాను. సీటు కిందున్న ముడి ఒకటి అర్థం కాలేదు. కొస పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను. లాగుతున్నప్పుడు నాకు నేర్చుకోవాలనే ఉందో, అది ఊడితే బాగుండుననే ఉందో, ఇన్నేళ్ళ తర్వాత కూడా ప్రమాణం చేసి చెప్పలేను. ముడి దగ్గర రబ్బరు సగానికి చీలింది. సగం మిగిలింది.

లోపల్నుంచి ఆవిడ గొంతు దగ్గరయింది. లేచి నిలబడి చీర దులుపుకున్నాను.

"ఏంటక్కా, గాలి లేదా?" అంది, నేను నా సైకిలు చూసుకుంటున్నాననుకుని.

"ఉంది" అన్నాను.

"వానొచ్చేలా ఉంది. నేను బయల్దేరతా" అని సిరంజీల పెట్టె, ఫ్లాస్కు బుట్టలో సర్ది, సీటెక్కింది. ఒక్క మాట చాలు. "ఆగు, ముడి చీలింది" అంటే చాలు. నేను నా సంచీ భుజానికెత్తుకుని, పట్టీ సరిచేసుకుంటూ ఆవిడ రోడ్డెక్కేదాకా చూశాను.

మధ్యాహ్నం రెండింటికి ఆవిణ్ణి ఎడ్లబండిలో తీసుకొచ్చారు. కాలవగట్టు మలుపులో ముడి తెగి బుట్ట ఒక పక్కకి ఒరిగిందట. పట్టుకుందామని ఆవిడ వెనక్కి చెయ్యి చాపింది. సైకిలు గట్టు దిగి బోర్లా పడింది. ఫ్లాస్కు పగిలింది, సిరంజీలన్నీ పగిలాయి, ఒక గోతాం సంచీ కాలవలో కొట్టుకుపోయింది. ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. గాజుముక్క అరచెయ్యి కోసింది.

చెయ్యి కడిగి కట్టు కట్టింది నేనే. ఆవిడ పళ్ళు బిగబట్టి, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. "మెల్లగా కడుతున్నావక్కా, నొప్పే తెలీడం లేదు" అంది.

డాక్టరు గారు అందరి ముందూ కేకలేశారు. "గవర్నమెంటు సామాను గోతాల్లో వేసుకుని ఊరేగుతావా? ఇదేమన్నా సంతనుకున్నావా?" అని. ఆవిడకి మెమో ఇచ్చారు. నేను గోడ పక్కన నిలబడి విన్నాను.

ఆరు వారాలు ఆవిడకి సెలవు. ఆవిడ ఊళ్ళు నాకు అప్పజెప్పారు. ఏడాదిపాటు నేను కుళ్ళుకున్న ఊళ్ళు, నా చేతికొచ్చాయి. మొదటి ఊళ్ళో సైకిలు దిగీ దిగగానే ఆడవాళ్ళు మూగారు.

"ఆవిడేదమ్మా? చెయ్యి ఎలా ఉంది?"

"ఎముక అతుక్కోడానికి నల్లేరు పచ్చడి తినమనండి."

"ఈ సొరకాయ ఆవిడకివ్వండమ్మా. లేతది."

రెండో ఊళ్ళో గుడ్లు ఇచ్చారు, మూడో ఊళ్ళో నువ్వుండలు, తర్వాత ఊళ్ళో ఒకాయన కందిపప్పు మూటకట్టి తెచ్చాడు. వద్దంటే ఊరుకునేవాళ్ళు కాదు. నా భుజాన తోలు సంచీ, దాని మీద ఆవిడ సొరకాయలు. బతుకులో అంత బరువు నేనెప్పుడూ మొయ్యలేదు. పన్నెండు ఊళ్ళు తిరిగేసరికి రెండో వారానికి నా చెయ్యి భుజం ఎత్తుకి లేవడం మానేసింది. జడ వేసుకోలేకపోయేదాన్ని.

శనివారం సాయంత్రం ఆ మూటలన్నీ తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆసుపత్రికి రెండు వీధుల అవతల పెంకుటిల్లు. వాళ్ళాయన్ని అదే మొదటిసారి దగ్గరగా చూడడం. రైసుమిల్లులో పని ఆయనకి. పొడుగ్గా, మాటకి ముందే సిగ్గుపడేలా ఉన్నాడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, పక్కన నిలబడ్డాడు. ఆవిడ మంచం మీద కూర్చుని, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తో, కాలి బొటనవేలితో ఏదో ట్యూబు ముక్క అల్లుతోంది.

మర్యాదకి ఏదో ఒకటి అనాలని ఆయనతో అన్నాను. "మీరు అంత బాగా కట్టారు. పాపం, ఇలా అయింది."

ఆయన కంగారుపడ్డాడు. "నేనా అండీ? నాకు బస్తా మూతికి ముడెయ్యడమే సరిగ్గా రాదండీ. మిల్లులో అందరూ నవ్వుతారు. అదంతా ఈవిడే, నాలుగు ఆదివారాలు కూర్చుని కట్టింది."

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ అల్లిక ఆపి నవ్వింది.

"ఏం చెప్పమంటావక్కా? ఆడమనిషి తనే గోతాలు కుట్టుకుని, ట్యూబులు కోసుకుని సైకిలుకి కట్టుకుందంటే, డాక్టరు గారి దగ్గర్నుంచి ప్రతివాడూ ఒక సలహా ఇస్తాడు. మొగుడు కట్టాడంటే ఎవరూ మాట్లాడరు. అందుకని అలా చెప్పా."

ఏడాదిగా నేను ఏ మొగుణ్ణి చూసి కుళ్ళుకున్నానో ఆ మొగుడు అసలు లేడు. ఉన్నాయన పక్కన నిలబడి గ్లాసు చేతులు మారుస్తున్నాడు. ఆ క్షణంలో నా మనసు తేలికపడుతుందని మీరనుకోవచ్చు. అలా జరగలేదు. మంచి మొగుడు దొరకడం అదృష్టం, అది నాకు పట్టలేదు అని సరిపెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ వంకా పోయింది. ఆ తెలివి ఆవిడది. భుజం ఆవిడకీ నొప్పెట్టింది, నాకూ నొప్పెట్టింది. ఆవిడ ఒక ట్యూబు కోసుకుంది. నేను మూడేళ్ళు ఉప్పు వేడి చేసుకుంటూ, ఎవరైనా చూస్తారా అని కూర్చున్నాను. నా అసూయ ఇంకా లోతుకి దిగింది.

ఆవిడ తనలో తను అనుకుంటున్నట్టు అంది. "నా ముడే సరిగ్గా పడలేదు. అది తెగే ముడి కాదు. నాలుగుసార్లు లాగి మరీ చూశాను. ఎక్కడ తప్పు చేశానో తెలియక నిద్ర పట్టడం లేదక్కా. మళ్ళీ మళ్ళీ వేసి చూస్తున్నా." ఆ ట్యూబు ముక్క నాకు చూపించింది.

నేను చెప్పేశాను. "ముడి తప్పు కాదమ్మా. ఆ రోజు నేను లాగాను. సగం చీలింది. చూశాను. చూసి ఊరుకున్నాను."

వాళ్ళాయన గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడ ట్యూబు ముక్కని మంచం మీద పక్కన పెట్టింది. బయట ఎవరో గేదెని అదిలిస్తున్నారు.

"నా చెయ్యి కడుగుతున్నప్పుడు కూడా చెప్పలేదు," అంది చివరికి.

"లేదు."

"డాక్టరు గారు నన్ను అన్ని మాటలంటుంటే మీరక్కడే ఉన్నారు."

ఉన్నారు అంది. అప్పటిదాకా "నువ్వు" అనే పిల్ల. అక్కా అని పిలిచి నా పళ్ళెంలో గోంగూర వేసిన పిల్ల. నేను లేచాను. ఆవిడ "వెళ్ళిరండి" అని కూడా అనలేదు. గుమ్మం దగ్గర సొరకాయలు పెట్టేసి వచ్చాను.

సోమవారం మీటింగు మొదలవకముందే డాక్టరు గారి గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "ఎందుకమ్మా లాగావు?" అన్నారు. అసూయ అండీ అని చెప్పడానికి నోరు రాలేదు. "ఎలా కట్టారో చూద్దామని," అన్నాను. అది సగం నిజం. ఆవిడ మెమో వెనక్కి తీసుకుని నాకు ఇచ్చారు.

సెలవయ్యాక ఆవిడ పనిలోకి వచ్చింది. నాతో అవసరానికి మించి ఒక్క మాట లేదు. మధ్యాహ్నం క్యారేజీ వరండాకి అటు చివర విప్పుకునేది. అలా మూడు వారాలు గడిచాక, ఒకరోజు నేను సైకిలెక్కబోతూ సంచీ భుజానికి ఎత్తలేక కింద పెట్టాను. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ పెట్టాను. ఆవిడ చూసింది. తన సైకిలెక్కి వెళ్ళిపోయింది. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి మా వాకిట్లో చీపురు కట్టలా చుట్టిన ట్యూబు రిబ్బన్లతో, రెండు గోతాం సంచులతో, ఒక వెదురుబుట్టతో నిలబడి ఉంది.

"సైకిలు బయటకి తియ్యండి సిస్టరు గారూ," అంది.

మా ఆయన వాకిట్లో పేపరు చదువుకుంటూ, మేం చేసే పని అంచు మీదుగా చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ పంతులమ్మలా చెప్పింది, చెబుతూ నా చేతే కట్టించింది.

"బరువు సీటుకి ఆనుకుని ఉండాలి. వెనక్కి జరిగితే ముందు చక్రం తేలిపోతుంది. రెండు సంచులూ చేత్తో తూచి చూడండి. సమానంగా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"లేవు. మాత్రల డబ్బా ఇటు మార్చండి. బరువైనవి సంచీ అడుగున, రిజిస్టర్లు పైన. గాజు ఎక్కడా ఇనుముకి తగలకూడదు. రిబ్బను మరీ బిగించకండి, బిగిస్తే అది మామూలు తాడే. కొంచెం సాగాలి. ఇదిగో, ఈ ముడి." నేను లాగిన ముడి అదే. మూడుసార్లు వేయించింది. నాలుగోసారి తనే లాగి చూసి, "సరిపోయింది" అంది.

"ఇంత చేశావు. కాస్త కాఫీ తాగి వెళ్ళు," అన్నాను.

"వద్దండీ. ఇంట్లో పనుంది." చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఎందుకొచ్చిందో నేనడగలేదు, తను చెప్పలేదు. జాలిపడిందా, తన ముడి మంచిదని నా చేతే ఒప్పించాలనుకుందా, నాకు తెలీదు. మర్నాడు ఆ సైకిలు మీద కాలవగట్టు ఎక్కాను. వెనక బుట్ట మెల్లగా ఊగుతోంది, చప్పుడు లేదు. భుజాల మీద గాలి తగులుతోంది. హాయిగా ఉంది. ఇంత సుళువైనదాన్ని నేనెందుకు కనిపెట్టలేకపోయానా అని దారి పొడుగునా ఆవిడ మీద కుళ్ళుకుంటూనే తొక్కాను.

ఆ మరుసటి ఏడు, నర్సుల మీద అజమాయిషీ చేసే ఉద్యోగానికి పై ట్రైనింగు కోసం మా ఇద్దరి పేర్లూ పంపారు. మార్కులు నావి ఎక్కువ. అనుభవం నాది ఎక్కువ. ఆవిడకి వచ్చింది. నా కాగితాల్లో మెమో ఉంది మరి. డాక్టరు గారు నన్ను పిలిచి, "నీ నోటితో నువ్వే చెప్పుకున్నావు, నేనేం చెయ్యను?" అన్నారు. నిజమే. చెప్పినందుకు విచారించలేదు. ఆవిడకి రావడం న్యాయమని కూడా తెలుసు. అయినా ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

ఆవిడ వెళ్ళే రోజు ఆసుపత్రిలో పూలదండ, టీ, బిస్కెట్లు ఏర్పాటు చేశారు. నేను ఊళ్ళో పనుందని చెప్పి పెందలాడే బయల్దేరాను. పదిన్నరకి రోడ్డు పక్క ఇంటి అరుగు మీద మూడు నెలల ఆడపిల్లని తూస్తున్నాను. పిల్ల కాళ్ళు తన్నుకుంటుంటే త్రాసు ముల్లు నిలవడం లేదు. విజయవాడ బస్సు ఊరు దాటుతూ హారను కొట్టింది. "నర్సమ్మ గారూ, బస్సు పైన సైకిలు! మన ఆవిడదే!" అని ఆ పిల్ల తల్లి రోడ్డు మీదికి పరుగెత్తి చెయ్యూపింది. నేను ముల్లు నిలిచేదాకా చూసి, బరువు రిజిస్టర్లో రాసుకుని తలెత్తాను. రోడ్డు మీద దుమ్ము ఇంకా అణగలేదు.